తిత్తిలో నీళ్లు

అందరికీ నమస్కారం. పరాన్నజీవులంటే రక్తం పీల్చేవనో, తిన్నది దోచుకునేవనో అనుకుంటాం. ఈరోజు నేను చెప్పబోయేది వాటి ఒంట్లోంచి కారే ప్రొటీన్ల సంగతి. ఒక్కోసారి పురుగుకన్నా ప్రమాదం అదే.

ఎకినోకాకస్ అని ఓ బద్దెపురుగు ఉంది. కుక్క పేగులో బతుకుతుంది, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. దాని గుడ్డు మనిషి కడుపులోకి పోతే పిల్ల బయటికొచ్చి, ఎక్కువగా కాలేయంలో చేరి, చుట్టూ గోడ కట్టుకుని నీటితిత్తిలా పెరుగుతుంది. ఏళ్లు గడిచినా మనిషికి తెలియకపోవచ్చు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే బయటపడుతుంది.

ఆ తిత్తిలోని నీళ్లు చూడ్డానికి ఊటనీళ్లంత తేట. కానీ వాటి నిండా యాంటిజెన్ బి, యాంటిజెన్ 5 లాంటి ప్రొటీన్లుంటాయి. అవి కొద్దికొద్దిగా బయటికి ఊరుతూ ఉంటే శరీరం వాటిని గుర్తుపట్టి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేస్తుంది. 1960లలో కనుక్కున్న ఈ ఐజీఈ దుమ్ము ఎలర్జీ వల్ల మనందరికీ పరిచయమే. అసలు ఇది పురుగుల మీద పోరాటానికే పుట్టిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం, నాదీ అదే. ఈ ఐజీఈ మాస్ట్ కణాలకు, అంటే ఎలర్జీ రసాయనాలు నింపుకున్న రోగనిరోధక కణాలకు, అంటుకుని కూర్చుంటుంది. ఇక మందుగుండు దట్టించినట్టే. కడుపుమీద గట్టి దెబ్బ తగిలి తిత్తి పగిలిందంటే ఆ ప్రొటీన్ అంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. ఆ కణాల్లోంచి హిస్టమిన్ అనే ఎలర్జీ రసాయనం ఎగజిమ్ముతుంది. దద్దుర్లు, ఆయాసం, నిమిషాల్లో బీపీ పడిపోవడం. దీన్నే ఎనాఫిలాక్సిస్ అంటారు.

తిత్తిని తీసే ఆపరేషన్ బల్ల మీద దీన్ని పసిగట్టడం ఇంకా కష్టం. మత్తులో ఉన్న మనిషి దురద అని చెప్పలేడు. ఒళ్లంతా గుడ్డలు కప్పి ఉంటాయి, దద్దుర్లు కనపడవు. మొదటి హెచ్చరిక మానిటర్ మీద జారిపోయే బీపీయే, లేదా వెంటిలేటర్ గాలి తోయలేక మొరాయించడం. తిత్తి చుట్టూ చిక్కటి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరుస్తారు చూడండి, అవి ఒలికిన పిల్లపురుగుల్ని చంపడానికి. ప్రొటీన్ చేసే హానికి మందు మత్తు డాక్టర్ పక్కన పెట్టుకున్న అడ్రినలిన్.

సముద్రపు చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగుది మరో తీరు. చేపను మైనస్ 20 డిగ్రీల్లో వారంరోజులు గడ్డకట్టిస్తే పురుగు చస్తుంది. ప్రొటీన్లు మాత్రం పోవు. వాటిలో కొన్ని వేడికి, జీర్ణరసాలకు కూడా లొంగవు. అందుకే కొందరు చేప పడదని ఏళ్ల తరబడి నమ్ముతారు. పడనిది చేప కాదు, అందులోని పురుగు.

ఇంత ప్రమాదమైతే ఏలికపాములున్న కోట్లమందికి రోజూ ఎనాఫిలాక్సిస్ రావాలి కదా? రాదు. ఎక్కువకాలం ఉండే పురుగు తన ఆతిథేయి రోగనిరోధక వ్యవస్థను జోకొడుతుంది. రోగనిరోధక స్పందనను చల్లార్చే ఐఎల్-10 అనే ప్రొటీన్ పెరుగుతుంది, ఐజీజీ4 అనే యాంటీబాడీ పుట్టుకొచ్చి ఐజీఈ కన్నా ముందే ప్రొటీన్‌ను పట్టేసుకుంటుంది. మన మీద ప్రేమతో కాదు లెండి, ఇల్లు కూలితే తనూ పోతుంది కాబట్టి.

తిత్తిలో సూది గుచ్చితే ప్రాణం పోతుందని దశాబ్దాలపాటు వైద్యులు భయపడ్డారు. 1980లలో కొందరు ధైర్యం చేసి, సూదితో నీళ్లు తీసి, మందు ఎక్కించి, మళ్లీ తోడే పద్ధతి మొదలుపెట్టారు. 2011లో అలాంటి 5,943 చికిత్సల లెక్కలు ఒకచోట చేర్చి చూస్తే, ఎనాఫిలాక్సిస్‌తో చనిపోయినవారు ఇద్దరు. రియాక్షన్ వచ్చి కోలుకున్నవారు దాదాపు 1.7 శాతం. భయం తగ్గింది. అడ్రినలిన్ ట్రే మాత్రం ఇప్పటికీ సూది పక్కనే ఉంటుంది.