కటకం చవకైంది, స్లైడు కాలేదు

అధ్యక్షులకు, అధ్యాపకులకు, ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణలో ఉన్న విద్యార్థులకు నమస్కారం.

విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి, పాడేరు దాటి లోపలి గూడేలకు వెళ్లినవారికి, జ్వరపడ్డ మనిషికీ సూక్ష్మదర్శినికీ మధ్య దూరమెంతో వేరే చెప్పనక్కరలేదు. ఆ దూరాన్ని తగ్గించే చవక పరికరాల గురించి మాట్లాడమన్నారు.

అందరూ ముందుగా చెప్పేది ఫోల్డ్‌స్కోప్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం రూపొందించి 2014లో వివరాలు ప్రచురించిన ఈ కాగితపు సూక్ష్మదర్శిని 10 గ్రాములైనా తూగదు. విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే. మర్మమంతా కటకంగా పనిచేసే గాజుపూసలో ఉంది. పూస చిన్నదయ్యేకొద్దీ నాభ్యంతరం (కటకానికీ, కాంతి ఒకచోట చేరే బిందువుకూ మధ్య దూరం) తగ్గి వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది, 2.4 మిల్లీమీటర్ల పూస సుమారు 140 రెట్లు చూపుతుంది. 17వ శతాబ్దంలో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసిందీ ఒంటి కటకంతోనే.

మలేరియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు సంశయం. ఎర్ర రక్తకణమే 7-8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి తొలిదశలో కణం లోపల ఉంగరంలా కనిపిస్తుంది, ఆ ఉంగరం కణంలో ఐదో వంతు. దాన్ని పోల్చుకోవడానికి స్లైడుపై నూనె చుక్క వేసి 1000 రెట్లు చూపే ఆయిల్ ఇమ్మర్షన్ కటకం వాడతాము. పరాన్నజీవి లేదని చెప్పాలంటే స్లైడుపై రక్తాన్ని మందంగా పూసిన పూతలో కనీసం 100 ఫీల్డులు, అంటే ఒక్కో చూపులో కనిపించే మేరలు, వెతకాలి. పూస కటకంలో అంచులు మసకబారి, స్పష్టంగా కనిపించే మేర ఇరుకవుతుంది కనుక, ‘లేదు’ అనడానికి దాన్ని నమ్మలేము. చుక్క రక్తంతో నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్లుండగా ఇదంతా ఎందుకంటారా? కొన్ని కిట్లు జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపుతాయి. పరాన్నజీవుల లెక్క కిట్ చెప్పదు.

చవక పరికరం నిజంగా నెగ్గిన చోటు ఆఫ్రికాలో ఉంది. రక్తంలో లోవా లోవా అనే పరాన్నజీవి పిల్లపురుగులు మరీ ఎక్కువగా ఉన్నవారికి, చూపు పోగొట్టే నది అంధత్వమనే జబ్బు నివారణకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మందు ప్రాణం మీదికి తేవచ్చు. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో డేనియల్ ఫ్లెచర్ బృందం ఫోనుకు అమర్చిన లోవాస్కోప్, వేలి నుంచి తీసిన రక్తంలో ఆ పురుగుల కదలికను వీడియో తీసి నిమిషాల్లో లెక్కగట్టింది. 2015లో కామెరూన్‌లో ఎవరికి మందు వేయాలో, ఎవరికి మానాలో ఊళ్లోనే తేల్చారు. ఇక్కడ రంగు వేయలేదు, మనిషి కన్ను వెతకలేదు. వస్తువు పెద్దది, పైగా కదులుతుంది.

మన జ్వరపు స్లైడుకు ఆ వెసులుబాటు లేదు. పరాన్నజీవి కనిపించేలా పూతకు వేసే జీమ్సా రంగు కలిపే నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 7.2 దగ్గర లేకపోతే ఎంత ఖరీదైన కటకమైనా దండగే. ఈ బల్లపై రెండు స్లైడులున్నాయి, ఒకటి సరైన నీటితో, ఇంకొకటి ఊరి కుళాయి నీటితో రంగు వేసినవి. ఏది ఏదో చెప్పకుండా పెట్టాను, వరుసగా వచ్చి చూడండి.