దెబ్బతిన్న చేతి నుంచి పుట్టిన సంగీతం: బ్లాక్ సబ్బాత్ కథ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకిచ్చిన అంశం బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ చరిత్ర. 1968లో మొదలైన ఈ బ్యాండ్ చివరి కచేరీ 2025 జులైలో జరిగింది. ఆల్బమ్‌ల పేర్లు వరసగా చదవడానికి నేను రాలేదు. ఇవాళ ప్రపంచమంతా హెవీ మెటల్ అంటున్న ఆ బరువైన ధ్వని, ఫ్యాక్టరీలో దెబ్బతిన్న ఒక కుర్రాడి చేతి నుంచి వచ్చింది. ఈ బ్యాండ్ చరిత్ర మొత్తం నాకు ఆ చేతి చుట్టూనే తిరిగినట్టు కనిపిస్తుంది. అందుకని అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అందులో ఆస్టన్ కార్మికుల పేట. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులు పడ్డ చోటు. గిటారిస్టు టోనీ ఐయోమీ, గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్, బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్ నలుగురూ 1948, 49లలో పుట్టి, ఆ శిథిలాల మధ్య ఆడుకుంటూ పెరిగినవాళ్ళు. ఓజీ కబేళాలో పనిచేశాడు, కారు హారన్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, దొంగతనం చేసి కొన్ని వారాలు జైల్లోనూ ఉన్నాడు. గీజర్ ఒక ఆఫీసులో లెక్కలు రాసేవాడు.

టోనీ రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు. అప్పటికి పదిహేడేళ్ళు. ఒక బ్యాండ్‌తో టూరుకి వెళ్ళే అవకాశం వచ్చి ఉద్యోగం మానేస్తున్నాడు. ఆ రోజే ఆఖరి రోజు. రేకులు నొక్కే ప్రెస్ మీద పనిచేసే మనిషి రాకపోవడంతో టోనీని అక్కడ నిలబెట్టారు. అలవాటు లేని మెషీను. అది కుడిచేతి మీద పడింది. మధ్య వేలు, ఉంగరం వేలు చివర్లు తెగిపోయాయి. టోనీది ఎడమచేతి వాటం కాబట్టి గిటార్ తీగల్ని నొక్కేది కుడిచేయే. ఇక వాయించడం మరిచిపొమ్మని డాక్టర్లు చెప్పేశారు.

ఆ ఫ్యాక్టరీ మేనేజరు అతన్ని చూడడానికి ఒక రికార్డు పట్టుకొచ్చాడు. టోనీకి వినాలని లేదు. బలవంతం చేసి వినిపించి, అప్పుడు చెప్పాడాయన: ఇది వాయించినవాడు రెండు వేళ్ళతోనే వాయించాడని. అది జాంగో రైన్‌హార్ట్ జాజ్ గిటార్. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలినా ఆగకుండా వాయించిన మహానుభావుడు. ఆ మేనేజరు చేసిన మేలు చిన్నది కాదు. సంగీత చరిత్రలో ఇలాంటివాళ్ళకి దక్కాల్సిన చోటు దక్కదు.

టోనీ గిన్నెలు కడిగే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాని కరిగించి, వేళ్ళకి తొడుక్కునే టోపీల్లాంటివి చేసుకున్నాడు. పట్టు దొరకడానికి వాటిమీద పాత జాకెట్ తోలు అతికించాడు. మామూలు గిటార్ తీగలు నొక్కితే నొప్పి. అందుకని బ్యాంజో తీగలు, అవి సన్నగా ఉంటాయి కాబట్టి, కట్టి చూశాడు. ఆ తర్వాత శ్రుతే దించేశాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో కొన్ని పాటలకి ఏకంగా మూడు స్వరస్థానాలు కిందికి దింపాడు. తీగ వదులైంది, వేళ్ళకి తేలికైంది. దాంతోపాటు ధ్వని అంతకుముందు ఎవరూ విననంత బరువెక్కింది. గీజర్ కూడా తన బేస్ గిటార్‌ని అదే శ్రుతికి దించాడు. ఈనాటికీ మెటల్ బ్యాండ్లు శ్రుతి దించి వాయిస్తున్నాయంటే ఆ దారి వేసింది ఇక్కడే.

బ్యాండ్ పేరు సంగతికొస్తే, అంతకుముందు ఎర్త్ అని ఉండేది. వీళ్ళు ప్రాక్టీసు చేసే చోటుకి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో బ్లాక్ సబ్బాత్ అనే భయానక చిత్రం ఆడుతోంది. జనం డబ్బులిచ్చి మరీ భయపడడానికి క్యూ కడుతున్నారే, భయపెట్టే సంగీతం ఎందుకు చేయకూడదు అనుకున్నారు. పేరూ అదే పెట్టుకున్నారు. ఆ పేరుతోనే ఒక పాట కట్టారు. దాని మొదట్లో వినిపించేవి మూడే స్వరాలు. మన భాషలో చెప్పాలంటే షడ్జమం, పై షడ్జమం, అక్కణ్నుంచి ప్రతి మధ్యమం. కల్యాణిలో మనకి అంత హాయిగా ఉండే ప్రతి మధ్యమం, పక్కన పంచమం లేకుండా షడ్జమానికి ఎదురుగా ఒంటరిగా నిలబెడితే ఎంత అశాంతిగా ఉంటుందో ఆ పాట వింటే తెలుస్తుంది.

మొదటి ఆల్బమ్ దాదాపు ఒక్కరోజులో రికార్డు చేసి, 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం పూట విడుదల చేశారు. విమర్శకులు చీల్చి చెండాడారు. జనం కొన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన రెండోది, పారనాయిడ్, బ్రిటన్‌లో నంబర్ వన్. దెయ్యాల బ్యాండ్ అని వీళ్ళ మీద పడ్డ ముద్ర అన్యాయమనే నేను అంటాను. ఎక్కువ పాటలు రాసింది గీజర్. అందులో యుద్ధాన్ని తిట్టిన పాట ఉంది, అణుబాంబు భయం ఉంది, మత్తుమందుకి బలైన మనుషులున్నారు.

ఆ మత్తే తర్వాత వీళ్ళనీ పట్టుకుంది. మేనేజ్‌మెంటుతో కోర్టు గొడవలు తోడయ్యాయి. 1979లో ఓజీని తీసేశారు. గాయకుడిగా రోనీ జేమ్స్ డియో వచ్చాడు. 1980లో వచ్చిన హెవెన్ అండ్ హెల్ ఓజీ కాలపు ఆల్బమ్‌లకి ఏమాత్రం తీసిపోదని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత గాయకులు, డ్రమ్మర్లు మారుతూనే ఉన్నారు. గీజర్ కూడా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఒక దశలో పాతవాళ్ళలో టోనీ ఒక్కడే మిగిలాడు. ఆ రోజుల్లో వచ్చినవన్నీ గొప్పవి అనను. కానీ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా బ్యాండ్‌లో ఉన్నది అతనొక్కడే.

1997 డిసెంబర్‌లో నలుగురూ బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ కలిసి వాయించారు. 2012లో టోనీకి లింఫోమా క్యాన్సర్ బయటపడింది. చికిత్స తీసుకుంటూనే కొత్త ఆల్బమ్ చేశాడు. 2013లో అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అమెరికాలో అయితే వాళ్ళకదే మొదటి నంబర్ వన్. కాంట్రాక్టు విషయంలో తేడా వచ్చి బిల్ వార్డ్ అందులో లేడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. జాజ్ వింటూ పెరిగిన ఆ డ్రమ్మర్ నడక వేరు.

ఆ లోటు 2025 జులై 5న తీరింది. ఆస్టన్‌లోనే ఉన్న విల్లా పార్క్ స్టేడియంలో నలుగురూ చివరిసారి వాయించారు. పార్కిన్సన్స్‌తో నడవలేని ఓజీ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. జులై 22న కన్నుమూశాడు.

ఇప్పుడు రెండు పాటలు వినిపిస్తాను. మొదటిది 1970లోది, మామూలు శ్రుతిలో ఉన్నది. రెండోది 1971లోది, దించిన శ్రుతిలో ఉన్నది. రెండోసారి గిటార్ మొదలవగానే తీగ ఎంత వదులుగా ఊగుతోందో గమనించండి. గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు ముందు వరుసలోకి రండి, స్పీకర్లు ఇటే ఉన్నాయి.