మొత్తం పక్కన ఉండే కాలమ్

అందరికీ నమస్కారం.

ప్రాజెక్టు ఖర్చుల అంచనాకు వాడే టూల్స్, టెంప్లేట్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇలాంటి ప్రసంగానికి వచ్చేవాళ్లలో చాలామంది మంచి టెంప్లేట్ ఒకటి చేతికొస్తే బాగుండునన్న ఆశతో వస్తారు. అందులో తప్పేమీ లేదు, కొత్తలో నేనూ అదే వెతికాను. ఇన్నేళ్లు ఎస్టిమేట్లు వేశాక గట్టిగా అనిపించేది ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. షీట్ తెరవగానే అందరి చూపూ అట్టడుగున ఉన్న మొత్తం మీదికి పోతుంది. నేను ముందు ఇంకో కాలమ్ చూస్తాను. ప్రతి అంకె పక్కనా, అది ఏమనుకుని వేశారో రాసే కాలమ్. కొందరు దానికి 'అజంప్షన్స్' అని పేరు పెడతారు, నేను 'అనుకున్నది' అని పెడతాను. అది ఖాళీగా ఉంటే కింద ఉన్న మొత్తాన్ని నేను నమ్మలేను.

నాకు ఈ పట్టుదల ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక సంస్థలో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే పనికి ఎస్టిమేట్ వేశాను. నలభైకి పైగా వరుసలున్న షీట్. అందులో 'పాత డేటా మార్పిడి: 10 పనిదినాలు' అని ఒక వరుస. పాత రికార్డులన్నీ ఒకే ఫార్మాట్‌లో ఉంటాయనుకుని ఆ పది వేశాను. ఆ అనుకోవడం నా మనసులో ఉంది, షీట్‌లో లేదు. పని మొదలుపెట్టి ఫైళ్లు తెరిస్తే మూడు రకాలుగా ఉన్నాయి. ఒకే మనిషి పేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగ్. తేదీల్లో కొన్నింట రోజు ముందు, కొన్నింట నెల ముందు. 03-04 అంటే ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? ఒక్కో రికార్డూ కాగితాలతో సరిచూసుకోవాల్సి వచ్చింది. పది రోజుల పని ముప్ఫై దాటింది. సమీక్షలో వాళ్ల ఆఫీసర్ ఒకరు మెల్లగా అన్నారు: "ఒకే ఫార్మాట్ అనుకుంటున్నామని ఒక్క మాట రాసి ఉంటే, కాదని మొదటి రోజే చెప్పేవాళ్లం కదండీ."

ఆమె అన్నది అక్షరాలా నిజం. అంకె చూసి ఎవరూ కాదనలేరు, ఎందుకంటే 10 తప్పో ఒప్పో బయటివాళ్లకు తెలీదు. 'రికార్డులన్నీ ఒకే ఫార్మాట్‌లో ఉంటాయి' అన్న వాక్యాన్ని మాత్రం ఆ ఫైళ్లతో రోజూ పనిచేసే ఎవరైనా చదివి, కాదని చెప్పగలరు.

ఆ కాలమ్ నింపడానికి బాగా పనికొచ్చే టూల్ ఒకటుంది, చాలా పాతది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి ప్రాజెక్టు కోసం పెర్ట్ అనే పద్ధతి తయారు చేయించుకుంది. అందులో ప్రతి పనికీ ఒక అంకె కాదు, మూడు అడుగుతారు. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ ఎదురు తిరిగితే ఎంత. మామూలు అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. నా డేటా మార్పిడి వరుసనే తీసుకోండి. కలిసొస్తే 6, మామూలుగా 10, ఎదురు తిరిగితే 32 అనుకుందాం. 6, 40, 32 కలిపితే 78. ఆరుతో భాగిస్తే 13. అంటే 'మామూలుగా 10' అన్నచోట 13 వేసుకోవాలి. పనులు తొందరగా అయ్యేదానికి ఒక హద్దుంటుంది, ఆలస్యానికి అంత దగ్గర్లో హద్దు ఉండదు కాబట్టి సగటు ఎప్పుడూ ఆలస్యం వైపే లాగుతుంది. నలభై వరుసల్లోనూ 'మామూలు' అంకెలే కూడితే, ఎవరూ అబద్ధమాడకుండానే మొత్తం తగ్గిపోతుంది.

నాకు ఈ సూత్రం కన్నా ఆ మూడో ప్రశ్న ముఖ్యం. "32 అన్నావు కదా, ఏం జరిగితే 32 అవుతుంది?" అని అడగండి. అప్పుడు మనిషి అంకెలు వదిలేసి అసలు సంగతి చెప్పడం మొదలుపెడతాడు. ఫైళ్లు రకరకాలుగా ఉంటే, ఆ డేటా తెలిసిన ఒక్క ఉద్యోగీ సెలవులో ఉంటే, టెస్ట్ సర్వర్ సమయానికి రాకపోతే... అవన్నీ 'అనుకున్నది' కాలమ్‌లోకి పోవాల్సినవే. టీమ్‌లో చిన్నవాళ్లని ముందు అడగండి. సీనియర్ ఒక అంకె చెప్పేశాక మిగతావాళ్లందరూ దాని చుట్టుపక్కలే తిరుగుతారు. అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థ 1950లలో తయారు చేసిన డెల్ఫీ పద్ధతిలో నిపుణులు పేర్లు బయటపెట్టకుండా విడివిడిగా రాసి ఇచ్చేది ఇందుకే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనం చెప్పే చెడ్డ అంకె కూడా చాలదు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. డిగ్రీ చివరి సంవత్సరం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎంతని అడిగితే సగటు 49 దగ్గరికి వచ్చింది. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. అంటే వాళ్లు ఊహించిన గడ్డుకాలం కన్నా వాస్తవమే గడ్డుగా ఉంది. ఇది తెలివితక్కువతనం కాదు. పని గురించి ఆలోచించేటప్పుడు మన మనసు అది సాగే దారినే చూస్తుంది, పోయినసారి ఎక్కడ ఆగామో గుర్తు చేసుకోదు.

దీనికి మందు పాత లెక్కల్లోనే ఉంది. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యెర్గ్, ఆయన సహచరులు 2002లో 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు ప్రచురించారు. రైలు మార్గాల ఖర్చు అంచనా కన్నా సగటున 45 శాతం పెరిగింది, వంతెనలు, సొరంగాలు 34 శాతం, రోడ్లు 20 శాతం. పదింట తొమ్మిది ప్రాజెక్టులు అంచనా దాటాయి. కొత్త రైలు మార్గానికి ఎస్టిమేట్ వేసేవాడు తన డ్రాయింగులు మాత్రమే చూస్తే సరిపోదు, అలాంటి పాత మార్గాలకు ఏం జరిగిందో కూడా చూసి అంకె సరిదిద్దుకోవాలి. మనకు అంత డేటా ఎక్కడిది అంటారా? మీ పాత షీట్లలో చివర 'అయిన ఖర్చు' అనే కాలమ్ చేర్చి, పని ముగిశాక నింపండి. పది ప్రాజెక్టులు నిండేసరికి అది మీరు కొనే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా మీ టీమ్ గురించి ఎక్కువ చెప్తుంది. చాలా ఆఫీసుల్లో ఆ కాలమే ఉండదు. పని అయిపోగానే అందరూ తరవాతి ప్రాజెక్టుకి వెళ్లిపోతారు, చేతికందిన పాఠం అలాగే పోతుంది. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది.

ఇంకొకరి టెంప్లేట్ తెచ్చుకున్నప్పుడు ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. రసాయన కర్మాగారాలకు తొలి దశలో వాడే పాత లెక్క ఒకటుంది. ఖర్చు సామర్థ్యానికి 0.6 ఘాతంగా పెరుగుతుందంటారు. అంటే కర్మాగారం సామర్థ్యం రెట్టింపైతే ఖర్చు దాదాపు ఒకటిన్నర రెట్లే. ట్యాంకు రెట్టింపు సరుకు పట్టాలంటే దాని ఇనుము రెట్టింపు కానక్కర్లేదు కదా. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చూడండి. అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు బారీ బోయెమ్ శ్రమ అంచనాకు 1981లో ఇచ్చిన కొకోమో సూత్రంలో ఘాతం ఒకటి కన్నా ఎక్కువ. మామూలు ప్రాజెక్టులకు 1.05, కఠినమైన వాటికి 1.20. ఆ రెండో రకంలో ప్రోగ్రామ్ సైజు రెట్టింపైతే శ్రమ 2.3 రెట్లవుతుంది. మనుషులు పెరిగేకొద్దీ మాట్లాడుకోవాల్సినవి, కలిపి చూడాల్సినవి పెరుగుతాయి. ఒకచోట పెద్దదైతే చవక, ఇంకోచోట పెద్దదైతే ప్రియం. ప్రతి టెంప్లేట్ లోపలా ఇలాంటి నమ్మకం ఒకటి దాగి ఉంటుంది. 'యూనిట్ రేటును సంఖ్యతో హెచ్చించు' అనే అతి మామూలు ఫార్ములా కూడా, ఎంత పెరిగినా రేటు మారదని నమ్ముతోంది. అదీ ఆ కాలమ్‌లో రాయాల్సిందే.

టెంప్లేట్ నిజంగా మేలు చేసేది జ్ఞాపకం విషయంలో. ట్రైనింగ్, టెస్టింగ్, లైసెన్స్ రెన్యూవల్, పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడపడం, అప్పగింత కాగితాలు. ఇవి ఎవరికీ తట్టవు, ఖర్చు మాత్రం అవుతాయి. మీ పనికి వర్తించని వరుసను తీసేయకండి. సున్నా వేసి, ఎందుకు సున్నాయో పక్కన రాయండి. లేని వరుస గురించి ఎవరూ ప్రశ్న వేయలేరు.

షీట్ సంగతులు రెండు, త్వరగా. మొదటిది, మొత్తం కూడే ఫార్ములా. చివరి వరుస కింద కొత్త వరుస చేరిస్తే అది కూడికలోకి రాకుండా పోవచ్చు. అందుకని మొత్తానికి పైన ఒక ఖాళీ వరుస ఉంచి, దానికి బూడిద రంగు వేసి, దాన్ని కూడా కూడికలో కలిపేయండి. కొత్తవి ఎప్పుడూ దానికి పైనే చేర్చండి. ఇది చిన్న విషయం కాదు. 2010లో ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ప్రభుత్వ అప్పుల మీద రాసిన పరిశోధనా పత్రంలో, ఎక్సెల్ సగటులో ఐదు దేశాల వరుసలు చేరలేదని 2013లో ఒక విద్యార్థి వాళ్ల షీట్ తెరిచి చూసేదాకా తెలియలేదు. రెండోది, చేత్తో టైప్ చేసిన అంకెలు నీలం, ఫార్ములా ఇచ్చినవి నలుపు. నలుపు గడిలో ఫార్ములా లేకుండా ఉత్త అంకె కనబడితే, ఫార్ములా ఉండాల్సినచోట ఎవరో అంకె కొట్టేశారని తెలిసిపోతుంది.

బఫర్, అంటే ఎందుకైనా మంచిదని కలిపే అదనం, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పని చేసేవాడు భయంతో 20 శాతం కలుపుతాడు. అతని టీమ్ లీడ్ ఇంకో 20, మేనేజర్ ఇంకో 20. పది రోజుల పని పదిహేడు దాటుతుంది, ఎందుకు దాటిందో షీట్‌లో కనబడదు. పైవాళ్లకు ఇది తెలుసు కాబట్టి కళ్లు మూసుకుని 30 శాతం కోసేస్తారు. తరవాతిసారి కిందివాళ్లు ఆ కోతకు కూడా కలిపి వేస్తారు. అక్కడితో ఎస్టిమేట్ బేరంగా మారిపోతుంది, నిజం చెప్పినవాడు నష్టపోతాడు. దయచేసి బఫర్‌ను వరుసల్లో దాచకండి. కింద 'కంటింజెన్సీ' అని విడిగా పెట్టి, ఏ రిస్కుకు ఎంతో రాయండి. 'ఫైళ్లు రకరకాలుగా ఉంటే 12 రోజులు' అని రాస్తే దాన్ని ఊరికే కోయడం కష్టం. కోయాలంటే ఆ రిస్కు లేదని ఎవరో ఒకరు చెప్పాలి.

ఎక్సెల్‌తో కలిపి వాడే క్రిస్టల్ బాల్ లాంటి టూల్స్‌తో, ప్రతిసారీ అంకెలు మారుస్తూ వేలసార్లు లెక్క నడిపించి, ఈ బడ్జెట్‌లో అయ్యే అవకాశం 80 శాతమని చెప్పొచ్చు. మంచిదే. అయితే ఇచ్చిన అంకెలు ఊహలైతే, పదివేలసార్లు నడిపినా ఊహలే తిరిగొస్తాయి.

ఇక తొలి అంకె. ఏఏసీఈ అనే కాస్ట్ ఇంజనీర్ల సంస్థ ఎస్టిమేట్లను ఐదు తరగతులుగా విడదీసింది. ప్రాసెస్ పరిశ్రమల్లో డిజైన్ దాదాపు మొదలే కాని ఐదో తరగతి ఎస్టిమేట్, అసలు ఖర్చు దానికన్నా సగానికి తగ్గినా, రెట్టింపైనా ఆశ్చర్యపోవద్దంటుంది. సిడ్నీ ఒపెరా హౌస్‌కు 1957లో వేసింది 35 లక్షల ఆస్ట్రేలియా పౌండ్లు, తరవాత వచ్చిన డాలర్లలో చెప్తే 70 లక్షలు. పైకప్పు ఎలా కట్టాలో తేలకముందే 1959లో పని మొదలైంది. తీరా పైకప్పు డిజైన్ తేలాక కింద పోసిన స్తంభాలు ఆ బరువు మోయవని వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1973లో తెరిచేనాటికి ఖర్చు తడిసి మోపెడై 10 కోట్ల 20 లక్షల డాలర్లైంది. ఆ మొదటి అంకె పక్కన 'పైకప్పు ఎలా కట్టాలో ఇంకా తేలలేదు' అన్న వాక్యం ఉండాల్సింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. మీరు ఈమధ్య వేసిన ఎస్టిమేట్ ఒకటి తీసి, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న మూడు వరుసలు ఎంచుకోండి. ఏమనుకుని వేశారో పక్కన రాసి, షీట్ మీ పక్కనున్నవాళ్లకి ఇవ్వండి. పావుగంట సమయం. మొత్తం ఉన్న వరుస మాత్రం దాచేసి ఇవ్వండి.