ఏఆర్-15కి కొత్త ట్రిగ్గర్: తేలికది కాదు, తేటగా తెగేది చూడండి

నమస్తే అండి. బల్ల మీద రెండు ట్రిగ్గర్లున్నాయి చూడండి. ఇది నా ఏఆర్-15 రైఫిల్‌తో పాటే వచ్చింది. ఇది నేను మొదట కొని, మూడు నెలలకే తీసేసింది. మూడోది రైఫిల్‌లోనే ఉంది. మ్యాగజైన్ తీసేశాను, చాంబర్ ఖాళీ, ఈ గదిలో తూటా ఒక్కటి కూడా లేదు. మూడూ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ పంపలేదు.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక మాట. అమెరికాలో మనవాళ్ళు చాలామంది హెచ్-1బీ మీద ఉన్నారు. అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకోకండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఈ రైఫిల్ మీదే వేరే ఆంక్షలున్నాయి. వేగంగా పేల్చడానికని అమ్మే ట్రిగ్గర్ల గురించి కొందరు అడిగారు. వాటి జోలికి నేను వెళ్ళను. నేను కాగితం టార్గెట్ మీద నిదానంగా కాల్చేవాణ్ణి.

సరే. కంపెనీ నుంచి వచ్చే మామూలు ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి పట్టే బలం, 5.5 నుంచి 9.5 పౌండ్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. మిలిటరీ లెక్క అది. నాది గేజ్ పెట్టి పదిసార్లు లాగితే ఏడుకు అటూ ఇటూగా వచ్చింది. ఏడు పౌండ్లంటే మూడు కిలోలకు పైనే. అయినా నన్ను ఇబ్బంది పెట్టింది ఆ బరువు కాదు. పాత చెక్క బీరువా సొరుగు లాగితే ఎలా ఉంటుంది? కాస్త కదులుతుంది, పట్టేస్తుంది, మళ్ళీ కదులుతుంది. ఇదీ అంతే. ఎప్పుడు తెగుతుందో, అంటే ఏ క్షణాన పేలుతుందో, వేలికి తెలియదు. తెలియక గట్టిగా నొక్కేస్తాం, రైఫిల్ పక్కకు జరుగుతుంది. తెగేముందు ఇలా పట్టిపట్టి కదలడాన్నే క్రీప్ అంటారు. ట్రిగ్గర్ మార్చినంత మాత్రాన బారెల్ బాగుపడదు. గురి పెట్టిన రైఫిల్‌ని మనమే కదిలించడం తగ్గుతుంది, అంతే.

నా తప్పు ఇక్కడే జరిగింది. బరువు ఎంత తక్కువైతే అంత మంచిదనుకుని, మూడు పౌండ్ల సింగిల్-స్టేజ్, అంటే మధ్యలో ఆగకుండా ఒకే దశలో తెగేది, కొన్నాను. కాసెట్‌లా మొత్తం ఒకే ముక్కగా వస్తుంది, బిగించడం తేలిక. బెంచి మీద కూర్చుని కాలిస్తే హాయిగా ఉంది. ఒకరోజు రేంజ్‌లో నిలబడి కాలుస్తున్నాను. గుండె దడదడలాడుతోంది, చెయ్యి కాస్త వణుకుతోంది. గురి ఇంకా కుదరనే లేదు, వేలు ఆనిందో లేదో పేలిపోయింది. బారెల్ టార్గెట్ వైపే ఉంది కాబట్టి మట్టిదిబ్బలోకి పోయింది. తప్పు ట్రిగ్గర్‌ది కాదు, అది నా స్థాయికి తగినది కాదు. ఆ సాయంత్రమే తీసేశాను.

ఇప్పుడున్నది టూ-స్టేజ్, అంటే రెండు దశల్లో నొక్కేది. ఇలా నొక్కుతున్నాను చూడండి. మొదటి దశ మెత్తగా వెనక్కి వచ్చింది. ఇక్కడ ఆగింది, వేలికి గోడ తగిలినట్టుంది. గురి బాగుంటే ఇంకాస్త నొక్కుతాను. టక్. బాగోలేదా? వేలు వదిలేస్తాను, ముందుకు పోతుంది, ఏమీ కాదు. ఆ గోడ దగ్గర ఆగి ఆలోచించుకునే అవకాశమే నాకు కావాల్సింది. మొత్తం 4.5 పౌండ్లు: మొదటి దశలో సుమారు 2.5, రెండో దశలో 2. సర్వీస్ రైఫిల్ పోటీల్లో, అంటే సైనిక రైఫిళ్ళ లాంటివాటితో జరిగే పోటీల్లో, చాలాకాలంగా కనీస బరువుగా ఉన్న అంకె కూడా ఇదే.

ఈ రకంలో పెన్సిల్వేనియాకు చెందిన గైస్లీ వాళ్ళ ఎస్‌ఎస్‌ఏ, జీ2ఎస్ ఉన్నాయి. రెండింటి బరువూ ఒకటే, జీ2ఎస్ చవక. టెక్సస్‌లోని లారూ వాళ్ళ ఎంబీటీ-2ఎస్ ఇంకా చవక. దూరాలకు కాల్చి అలవాటున్నవాళ్ళకు 3.5 పౌండ్ల ఎస్‌ఎస్‌ఏ-ఈ ఉంది, మొదటిసారి మార్చేవాళ్ళకు నేను చెప్పను. సింగిల్-స్టేజే కావాలంటే టిమ్నీ కంపెనీలో మూడు కాకుండా నాలుగు పౌండ్లది తీసుకోండి.

కొనేముందు, ట్రిగ్గర్‌ని రైఫిల్‌లో పట్టి ఉంచే పిన్నుల సైజు చూసుకోండి. మామూలుగా 0.154 అంగుళాలు, కొన్ని పాత కోల్ట్ రైఫిళ్ళలో పెద్దవి ఉంటాయి. బరువు తగ్గించడానికి హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే ముందుకు కొట్టే ముక్క) స్ప్రింగ్ మరీ మెత్తగా పెట్టిన వాటికి దూరంగా ఉండండి. తూటా వెనక నిప్పు రాజేసే ప్రైమర్ మీద దెబ్బ చాలక తూటా పేలదు.

బిగించడం చేతకాకపోతే తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇవ్వండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరు బిగించినా, ఖాళీ రైఫిల్‌తో సేఫ్టీ పెట్టి నొక్కి చూడండి, హ్యామర్ కదలకూడదు. రైఫిల్ పైభాగం తీసేసినప్పుడు మాత్రం హ్యామర్‌ని ఊరికే వదలకండి, వెళ్ళి రిసీవర్‌కు (ట్రిగ్గర్ ఉండే చట్రానికి) తగిలి దాన్ని పాడుచేస్తుంది. రేంజ్‌లో ఒక్క నొక్కుకు రెండు పేలితే అక్కడికక్కడే ఆపేసి గన్‌స్మిత్ దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంకోసారి చూద్దాం అనుకోవద్దు.

చివరగా ఇది చూడండి. ఖాళీ రైఫిల్, బారెల్ చుట్టూ ఉండే హ్యాండ్‌గార్డ్ చివర ఒక క్వార్టర్ నాణెం. నాణెం కదలకుండా ట్రిగ్గర్ తెగాలి. పాతదానితో పదిసార్లకు ఆరుసార్లు పడింది. నెలరోజులు రోజూ చేశాక అదే ట్రిగ్గర్‌తో రెండుసార్లే పడింది. అందుకే ముందు ఆ నెల మీ పాతదానితోనే చేయండి. ఆ తర్వాత కూడా మార్చాలనిపిస్తే, మీ రైఫిల్ ఏదో, దేనికి వాడతారో కింద రాయండి. ఒక్కొక్కరికీ జవాబిస్తాను.