సుత్తి ఒకరు, దాగలి ఒకరు

శ్రోతలకు నమస్కారం.

ఎవరైనా ఆపకుండా మాట్లాడి విసిగిస్తే ‘సుత్తి కొట్టకురా బాబూ’ అంటాం. ఈ మాటను ఇంటింటికీ చేర్చింది 1982లో జంధ్యాల గారు తీసిన ‘నాలుగు స్తంభాలాట’. అందులో చేసిన ఇద్దరు నటులకు ఆ సుత్తే ఇంటిపేరైపోయింది. ఒకరు వీరభద్రరావు గారు. ఆయన మన విజయవాడ ఆకాశవాణి మనిషే, గొంతు గురించి వేరే చెప్పాలా! రెండోవారు వేలు గారు. ఇవాళ నేను చెప్పబోయేది ఈ రెండో ఆయన గురించి.

అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. 1947లో మచిలీపట్నం దగ్గర భోగిరెడ్డిపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు సన్నగా వేలులా ఉండేవారట, అదే పేరుగా నిలిచింది. ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడి, 1981లో ‘ముద్దమందారం’తో సినిమాల్లోకొచ్చారు.

సుత్తి దెబ్బ బాగా మోగాలంటే కింద దాగలి గట్టిగా ఉండాలి. వీరభద్రరావు గారు వాయిస్తుంటే జనం నవ్వింది ఆ మాటలకు మాత్రమేనా? ఆ వాయింపు భరిస్తున్న వేలు గారి మొహానికి కూడా. ముందు మర్యాదగా ఓ నవ్వు. కాసేపటికి అది పెదాల మీదే ఎండిపోతుంది. తర్వాత కళ్లు ఎటు పారిపోదామా అని వెతుక్కుంటాయి. మాట లేకుండా నవ్వించడం మాటలు కాదండీ.

ఆ మొహంలోనే దర్శకుడు టి. కృష్ణ గారికి ఇంకేదో కనిపించి ఉంటుంది. 1985లో ‘ప్రతిఘటన’ చూడటానికి వెళ్లినవాళ్లు, వేలు గారు తెరమీదకు రాగానే అలవాటుగా నవ్వుకు సిద్ధపడి ఉంటారు. తీరా చూస్తే మతి చెడిన పోలీసు. దెబ్బ తినే మనిషే ఇక్కడా, కాకపోతే ఈసారి కొట్టింది లోకం. నవ్వడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోతుంది. ‘వందేమాతరం’కి నంది అవార్డు వచ్చింది. టీవీలో ‘గణపతి’ సీరియల్‌కీ నంది అందుకున్నారు. అయినా జనానికి ఆయన సుత్తి వేలే. నన్నడిగితే, ఆయనలోని ఆ రెండో నటుణ్ణి మన సినిమా సగమే వాడుకుంది.

1988లో వీరభద్రరావు గారు పోయారు. జంట విడిపోయినా ఇంటిపేరు మిగిలింది. ఆ పేరుతోనే వేలు గారు ఇంకో ఇరవై నాలుగేళ్లు నటించి, 2012 సెప్టెంబరు 16న చెన్నైలో కన్నుమూశారు.

రేడియోలో ఎప్పుడైనా వాళ్లిద్దరి సినిమా సంక్షిప్త శబ్దచిత్రంగా వస్తే, వీరభద్రరావు గారి గొంతు వెంట పడిపోకండి. ఆయన ఊపిరి తీసుకునే సందులో సన్నగా ఓ ‘ఊఁ’ వినిపిస్తుంది, ఇంకాసేపటికి కాస్త నీరసంగా ఇంకో ‘ఊఁ’. అదిగో, వేలు గారు అక్కడున్నారు.

సెలవు.