సోకు మాకు మాత్రం వద్దా?

(అమలాపురంలో చిన్న వ్యాపారుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికీ, పెద్దలకీ, కోనసీమ నలుమూలల నుంచీ వచ్చిన వ్యాపారస్తులకీ నమస్కారమండి. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంటా దానికే సరిపోద్ది. వికలాంగులకి పనికొచ్చే సరుకు ఎలా చెయ్యాలో చెప్పమన్నారు. పనికొస్తే చాలదండి, చూడముచ్చటగానూ ఉండాలి. నా గొడవంతా అదే.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్‌కి బూటు చేయించుకోవాలి. నల్లది, లేదంటే కాఫీపొడి రంగుది. అక్క పెళ్ళికి పట్టుపరికిణీ కట్టి, కింద ఆ నల్లబూటు! బంగారు రంగు తోలు వెయ్యమని అడిగాను. కొలత తీస్తున్నాయన తలెత్తకుండానే, "ఇది నడవడానికమ్మా, సోకుకి కాదు" అన్నాడు. పక్కనే ఉన్న మా నాన్న కూడా ఏమీ అనలేదు. అక్క చెప్పులకి ఎర్రపూసలు కుట్టున్నాయండి, ఇప్పటికీ నా కళ్ళల్లో ఉన్నాయి. టైలరింగ్‌లోకి వచ్చింది కూడా ఆ ఉక్రోషంతోనే.

సరే, పనిలోకొస్తా. చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళ ప్యాంటుకి వెనక ఎత్తు పెంచాలి, ముందు తగ్గించాలి. లేకపోతే వెనక నడుం బయటపడుద్ది, ముందు గుడ్డంతా పొట్ట దగ్గర పోగవుద్ది. వెనక జేబులు అసలొద్దు. రోజంతా కూర్చునే మనిషికి ఆ మందపాటి కుట్టు ఒత్తుకుని పుండు పడుద్ది. స్పర్శ లేకపోతే పడిన సంగతే తెలీదు. చీరకైతే కుచ్చిళ్ళు ముందే కుట్టేయండి, పైట చక్రంలో పడనంత పొట్టిగా పెట్టండి. జాకెట్టుకి పైన గుండీలు వరసగా కనపడాలి, లోపల మాత్రం వెల్క్రో. చూసినవాళ్ళకి తేడా తెలియకూడదు.

ఆత్రేయపురం పూతరేకుల అన్నయ్యగారూ, ఎక్కడున్నారు? మీ రేకు నోట్లో ఇట్టే కరుగుద్ది. పెట్టెకి చుట్టిన టేపు మాత్రం ఒంటిచేత్తో విప్పేసరికి లోపల పొడే మిగులుద్ది! టేపు కొస కాస్త మడిచి వదలండి, అంతే. నరసాపురం లేసు చెల్లెళ్ళూ, కుర్చీకి తగిలించుకునే సంచి ఒక్కటి అల్లి చూడండి. బజారులో దొరికేవన్నీ ఆసుపత్రి సామాన్లలా ఉన్నాయి.

"ఎంతమంది కొంటారమ్మా?" అంటారు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2 కోట్ల 68 లక్షల మందిమి. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన, భార్య కీళ్ళనొప్పులతో తొక్క తీసే పీలర్ పట్టుకోలేకపోతోందని లావుపాటి మెత్తటి పిడి పెట్టించి, 1990లో ఆక్సో పేరుతో అమ్మకానికి తెచ్చాడు. ఏ నొప్పీ లేనివాళ్ళు కూడా కొన్నారు.

ఒక్క మనవి. వెనక జేబులు తీసేస్తే గుడ్డా మిగులుద్ది, కుట్టుకూలీ తగ్గుద్ది. మరి స్పెషల్ అని రేటెందుకు పెంచుతారండీ? కావాలంటే సభయ్యాక కాగితం మీద లెక్క వేసి చూపిస్తా. కింద మొదటి వరసలోనే ఉంటాను. నన్ను దింపడానికి మాత్రం ఇద్దరు రావాలి, ఈ వేదికకి మెట్లే ఉన్నాయి.