కిటికీలోంచి దూకినవాడి బొమ్మ

వ్యాఖ్యాత: నమస్కారం. 19వ శతాబ్దంలో ఫ్రెంచి చిత్రకారులు చకచకా గీసిన పెన్సిల్ బొమ్మల మీద ఇవాళ్టి చర్చ. మేడమ్, అసలు పెన్సిలే ఎందుకండీ?

కళాచరిత్ర అధ్యాపకురాలు: ఇంగ్లండు, ఫ్రాన్సుల యుద్ధం పుణ్యమే. పెన్సిల్ ముల్లుకి వాడే నల్లటి ఖనిజం, మంచి గ్రాఫైట్, ఇంగ్లండు నుంచి వచ్చేది. యుద్ధంతో అది ఆగిపోయింది. నికోలా జాక్ కాంతే అనే ఫ్రెంచివాడు గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి, బట్టీలో కాల్చి 1795లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే ముల్లు గట్టిగా, తక్కువైతే మెత్తగా, నల్లగా. సిరాబుడ్డితో పనిలేదు.

చిత్రకారుడు: జేబులో వేసుకుని ఊళ్లు తిరగొచ్చు! 1832లో చిత్రకారుడు దెలాక్రవా మొరాకోలో చేసిందదేగా. తలపాగాకి నాలుగు గీతలు, ముఖం ఖాళీ. రంగు వేసే తీరిక లేకపోతే బొమ్మ పక్కనే రంగు పేరు రాసుకునేవాడు.

వ్యాఖ్యాత: కిటికీలోంచి దూకినవాడి గురించి చెప్పే ఆ మాట కూడా దెలాక్రవాదేనా?

అధ్యాపకురాలు: అవును, కవి బోదలేర్ రాశాడు. నాలుగో అంతస్తు నుంచి దూకినవాడు నేల మీద పడేలోపు వాణ్ణి గీయలేకపోతే పెద్ద చిత్రాలు నీ వల్ల కాదు అని దెలాక్రవా ఓ కుర్రాడితో అన్నాడట.

చిత్రకారుడు: రెండు సెకన్లు కూడా పట్టదండీ అది! గీయడం తర్వాత, ముందు చూడటం రావాలి.

అధ్యాపకురాలు: ఆ లెక్కన చిత్రకారుడు ఆంగ్ర్ ఏమవుతాడు? నెపోలియన్ పడిపోయాక పోషకులు లేక, రోమ్‌కి వచ్చే యాత్రికుల ముఖాలు పెన్సిల్‌తో గీసి బతికాడు. ముఖం దగ్గర వెంట్రుకవాసి నీడ కూడా వదల్లేదు. కోటు దగ్గరికొచ్చేసరికి మాత్రం గీతలు పరుగో పరుగు.

చిత్రకారుడు: నాకు ఆ కోటే ఇష్టం.

అధ్యాపకురాలు: (నవ్వుతూ) డబ్బిచ్చింది ముఖానికి కదండీ.

చిత్రకారుడు: సరే, శిల్పి రోదాన్‌ని చూడండి. 1890ల తర్వాత మోడల్‌ని స్టూడియోలో ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చి, కాగితం వైపు చూడకుండా గీసేవాడు. నేనూ ఓసారి బస్టాండులో అలా గీశా. ఆవిడకి మూడు చేతులొచ్చాయి. సంచి బరువుకి భుజం వంగిందే, అది మాత్రం కుదిరింది.

వ్యాఖ్యాత: చెరిపేశారా?

చిత్రకారుడు: లేదండీ. మూడూ ఉంచేశా.